గోడలపై ప్రేమలేఖలు

తెల్లవారకముందే లేచి వాకిలి చిమ్మి, కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టుట మన ఇండ్లలో ఎన్ని తరములనుండియో వచ్చుచున్న ఆచారము. ఆ ముగ్గు ఎవరికొరకు? పెట్టిన ఇల్లాలు దానిని పదిమార్లు చూచుకొనదు. పాలవాడు దానిని తప్పుకొని నడచును, బడిపిల్లలు తొక్కుదురు, మధ్యాహ్నమునకు సగము చెరిగిపోవును. ఐనను మరునాడు ఆమె మరల వంగి చుక్కలు పెట్టును. తన ఇంటివారి క్షేమమును కోరు ఆ మనస్సులో కొంత భాగము వీధిని పోవు అపరిచితునికి గూడ దక్కుచున్నది. ఈ పనిని మనము వీధిచిత్రకళ అని పిలువము. కాని ఇంటిలోని మమతను వీధిలోనికి తెచ్చి పదిమంది యెదుట పరచుట వీధిచిత్రమైనచో, మన తల్లులందరును ఆ కళలో ఆరితేరినవారే.

నగరములు పెరిగినకొలది ఈ వాకిలి తరిగిపోయినది. వందల కాపురములు ఒకే కట్టడములో ఒకదానిపై నొకటి నిలిచినచోట ముగ్గునకు చోటు లేదు. మిగిలినది గోడ. ఆ గోడపై వర్తకుడు తన సరకును గూర్చి వ్రాయించును. పురపాలక సంఘము తన నిషేధములను వ్రాయించును. ఎన్నికలనాడు అభ్యర్థి తన పేరు వ్రాయించును. ఒక సామాన్యుడు, తనకు ఫలానివారిపై ప్రేమ కలదనియో, తనకు భయముగా నున్నదనియో, తాను ఒంటరిగా నున్నాడనియో ఆ గోడపై వ్రాయదలచినచో దాని నేమనవలెను? నేరమనవలెనా, కళయనవలెనా? మేము ఈ ప్రసంగములో విచారింపదలచినది ఈ ప్రశ్ననే. ఇందుకు అమెరికా దేశములోని ఫిలడెల్ఫియా నగరముకంటె మంచి ఉదాహరణము మాకు కానరాలేదు.

ముందుగా ఒక పాత సంగతి. ఇటలీ దేశములోని పాంపేయి పట్టణము క్రీ.శ. 79వ సంవత్సరమున వెసూవియస్ అగ్నిపర్వతము ప్రేలినప్పుడు బూడిదక్రింద పూడిపోయెను. త్రవ్వకములలో బయటపడిన ఆ పట్టణపు గోడలపై 11,000కు పైగా వ్రాతలు లభించినవి. వానిలో ఎన్నికల ప్రకటనలు కలవు, తిట్లు కలవు, మొక్కులు కలవు. ప్రేమనుగూర్చిన వ్రాతలును ఎన్నియో కలవు. ఒక పానశాల గోడపై వ్రాసిన వాగ్వాదము మిక్కిలి ప్రసిద్ధము. సక్సెసస్ అను నేతగాడు సత్రపు దాసియైన ఐరిస్‌ను ప్రేమించుచున్నాడనియు, ఆమె అతనిని లెక్కసేయుట లేదనియు ఒక ప్రతిస్పర్ధి ఎగతాళిగా వ్రాసెను. నేతగాడు దానిక్రింద కోపముతో బదులు వ్రాసెను. ప్రతిస్పర్ధి తాను చెప్పదలచినది చెప్పితినని మరల వ్రాసి ముగించెను. రాజులు చెక్కించిన శాసనములు వారి విజయములను మనకు తెలుపును. ఒక నేతగాని కడుపుమంటను రెండువేల యేండ్లు దాచి మనకందించినది మాత్రము ఈ గోడయే.

ఇక ఫిలడెల్ఫియాకు వత్తము. 1965 ప్రాంతమున డారిల్ మెక్‌క్రే అను నల్లజాతి బాలుడు ఆ నగరపు బాలుర సంస్కరణశాలలో నుండెను. తన అమ్మమ్మ చేయునట్టి మొక్కజొన్నరొట్టె కావలెనని అతడు వంటవానిని పదేపదే అడుగుచుండగా, ఆ వంటవాడు విసిగి అతనిని 'కార్న్‌బ్రెడ్' అని పిలిచెను. కార్న్‌బ్రెడ్ అనగా మొక్కజొన్నరొట్టెయే. బాలుడా పేరును అవమానముగా తలపక తనదిగా చేసికొని, సంస్కరణశాల గోడలపై వ్రాయసాగెను. విడుదలయై బడిలో చేరిన పిమ్మట సింథియా అను సహాధ్యాయినిపై అతనికి మనసు కలిగెను. 1967వ సంవత్సరమున, ఆమె పోయివచ్చు దారిలోని గోడలపై, కార్న్‌బ్రెడ్ సింథియాను ప్రేమించుచున్నాడని వ్రాయుచు పోయెను. ఆ బాలిక ఎరిగినది డారిల్‌ను. ఈ కార్న్‌బ్రెడ్ ఎవరో ఆమెకు మొదట తెలియనే తెలియదని చెప్పుదురు. మాటను గోడకు చెప్పి, పేరును చాటున దాచుకొని, ఆమె చదివెనో లేదో యని దూరమునుండి చూచుచుండిన ఆ పదునాలుగేండ్ల పిల్లవాని గుండెదడను మనము ఊహించుకొనవచ్చును.

ఆ ప్రేమ నిలువలేదు గాని వ్రాత నిలిచినది. అతడు తన పేరునొక్కదానినే నగరమంతట వ్రాయసాగెను. అతనిని చూచి ఇతరులు వ్రాసిరి. నేడు ప్రపంచమంతట వ్యాపించిన గోడవ్రాతల ఉద్యమమునకు ఆధునిక కాలమున మొదటివాడని అనేకులు ఇతనినే పేర్కొందురు. ఒకమారు ఇతడు హతుడయ్యెనని పత్రికలో పొరపాటున వార్త పడగా, తాను బ్రతికియున్నట్లు తెలుపుటకు జంతుప్రదర్శనశాలలో దూరి ఏనుగు ప్రక్కలపై ఆ మాట వ్రాసెనని కథగా చెప్పుకొందురు. వినుటకు నవ్వు పుట్టించు సంగతియే. కాని నగరములో ఒక బీదబాలుడు మరణించినను బ్రతికినను గమనించువారు లేనప్పుడు, నేనున్నానని చాటుకొనుటకు అతనికి మరి యే సాధనము కలదు?

సాధనమన్న మాట వచ్చినది గనుక దానిని గూర్చియు కొంత చెప్పవలెను. రంగును తుంపరగా చిమ్ము డబ్బాను 1949వ సంవత్సరమున ఇల్లినాయి రాష్ట్రమునకు చెందిన ఎడ్వర్డ్ సేమూర్ అను రంగుల వ్యాపారి కనిపెట్టెను. ఇండ్లను వెచ్చబరచు ఇనుపగొట్టములకు అల్యూమినియం రంగు పూయుటలోని సులువును చూపుట అతని ఉద్దేశము. డబ్బాలో రంగుతోపాటు ఒత్తిడికి లోనైన వాయువు ఉండును. మీట నొక్కగనే ఆ వాయువు రంగును సన్నని తుంపరగా వెలుపలికి నెట్టును. కుంచె అక్కరలేదు, గిన్నె అక్కరలేదు. ఇటుకగోడ గరుకుదనము అడ్డురాదు. రంగు నిమిషములలో ఆరును. పని ముగిసిన పిదప డబ్బాను కోటులో దాచుకొని పోవచ్చును. గృహస్థుని సౌకర్యమునకై పుట్టిన ఈ వస్తువు గృహస్థుని గోడకే శత్రువగునని దానిని కనిపెట్టినవాడు తలచియుండడు.

గృహస్థుని పక్షమును గూడ మనము వినవలెను. కష్టార్జితముతో గోడకు రంగు వేయించుకొన్నవాడు ఉదయమున తలుపు తీయగనే దానిపై అపరిచితుని వంకరగీతలు కనబడినచో అతనికి కళానందము కలుగునా? తుడిపించుటకు డబ్బు కావలెను. తుడిచిన మరునాడే మరల వ్రాతలు వెలయును. వ్రాతలు నిండిన వీధిలో తమకు రక్షణ లేదని వృద్ధులు, స్త్రీలు భయపడిరి. అది వట్టి ఛాందసము కాదు. తన మనోవేదనను చెప్పుకొను హక్కు ఒకనికి ఉన్నట్లే, తన ఇంటిగోడ శుభ్రముగా నుండవలెనని కోరు హక్కు మరియొకనికి కలదు. ఈ రెంటి నడుమ నగరపాలకులు నలిగిపోయిరి.

1984వ సంవత్సరమున ఫిలడెల్ఫియా మేయరు విల్సన్ గూడ్ గోడవ్రాతల నివారణకై ఒక ప్రత్యేక శాఖను స్థాపించెను. అందు పనిచేయుటకు జేన్ గోల్డెన్ అను చిత్రకారిణిని నియమించిరి. గోడలపై వ్రాయు యువకులను ఆమె దగ్గరకు తీసి, మీ చేతిలో ఒడుపు కలదు, దానిని దొంగచాటున వ్యర్థపుచ్చనేల అని నచ్చజెప్పి, అనుమతి పొందిన గోడలపై పెద్దచిత్రములు వేయు పనిలో పెట్టెను. 1996లో ఆ పని మ్యూరల్ ఆర్ట్స్ అను ప్రత్యేక కార్యక్రమముగా రూపొందెను. నాటినుండి నేటివరకు ఆ నగరమున వెలసిన కుడ్యచిత్రములు 4,000కు పైగా నుండునని ఆ సంస్థవారి లెక్క. వారు వాడు పద్ధతులలో నొకటి గమనింపదగినది. పారాషూటు గుడ్డయని పిలుచు పలుచని వస్త్రముపై చిత్రమును ముక్కలుగా వేసి, పిమ్మట దానిని జిగురుతో గోడకు అంటింతురు. అందుచే సారువపై కెక్కలేని వృద్ధులును, బడిపిల్లలును, చెరసాలలోని ఖైదీలును సైతము ఆ చిత్రములో తమ చేయి కలుపుటకు వీలైనది. గోడయొద్దకు పోలేనివాని యొద్దకు గోడయే వచ్చెనన్నమాట.

ఈ చరిత్ర కంతకును పరిపాకమనదగిన పని 2009వ సంవత్సరమున జరిగెను. స్టీఫెన్ పవర్స్ 1968లో ఆ నగరమున పుట్టి, పడమటి భాగమున పెరిగినవాడు. యౌవనమున తానును అనుమతి లేకుండ గోడలపై వ్రాసినవాడే. పిదప ఆ మార్గమును విడిచి, నామఫలకములు వ్రాయువారి పనితనమును శ్రద్ధతో అభ్యసించెను. మ్యూరల్ ఆర్ట్స్ సంస్థతో కలిసి అతడు పడమటి ఫిలడెల్ఫియాలోని మార్కెట్ వీధిపొడవున, 45వ వీధి మొదలు 63వ వీధి వరకు, 50 గోడలపై ఒక ప్రేమలేఖను వ్రాయించెను. 'నీకొక ప్రేమలేఖ' అని దాని పేరు.

ఆ స్థలమును గూర్చి చెప్పనిదే ఆ లేఖయొక్క అర్థము బోధపడదు. మార్కెట్ వీధిపైన ఇనుపస్తంభముల మీద రైలు నడుచును. 1907వ సంవత్సరమున ఆరంభమైన మార్గమది. క్రింద అంగళ్లు, పైన రైలు. నగరపు నడిబొడ్డునకు పనికి పోవువారు ప్రతిదినము ఆ రైలులో పోయి వత్తురు. ఆ ప్రాంతమున నివసించువారిలో నల్లజాతి శ్రామిక కుటుంబములు మిక్కుటము. కర్మాగారములు మూతబడినకొలది నగరము పేదదైనది. ఇండ్లు కూలి, ప్రక్కనున్న ఇండ్ల మొండిగోడలు బయటపడినవి. దీనికితోడు పాత ఇనుపకట్టడమును తొలగించి కొత్తది నిలుపుటకు దాదాపు దశాబ్దకాలము పట్టెను. ఆ త్రవ్వకముల నడుమ, ఆ మోతల నడుమ అంగళ్లకు బేరములు తగ్గి చిన్న వర్తకులు మిక్కిలి నష్టపడిరి. పవర్స్ తన బృందముతో వచ్చి మొదట చేసినపని ఆ ప్రాంతమువారితో మాటలాడుట. అక్కడనే నామఫలకముల పనిశాల నొకదానిని తెరచి, వర్తకులకు ఉచితముగా ఫలకములు వ్రాసియిచ్చుట ఆ పథకములోని భాగమే. ప్రేమను గూర్చి వ్రాయబోవువాడు ముందుగా పొరుగువాని అంగటికి పేరు వ్రాసిపెట్టుట మాకు ఎంతయో ఉచితముగా తోచినది.

వ్రాయుటలోని పనితనము చూడుడు. చదువరి కుర్చీలో కూర్చుండి చదువువాడు కాడు. కదులు రైలులో కిటికీయొద్ద నిలిచినవాడు. గోడ అతని కన్నులకు కనబడునది కొన్ని క్షణములు మాత్రమే. కావున మాటలు తక్కువగా నుండవలెను. అక్షరములు భారీగా, ఎడముగా, దూరమునకు స్పష్టముగా నుండవలెను. రంగులు ఒకదానిని మరియొకటి మ్రింగరాదు. అంగడి ఫలకములు వ్రాయు పనివారు ఎరిగిన సూత్రములివియే. గోడలును క్రింది వీధినుండి చూచువారికొరకు ఎన్నుకొన్నవి కావు. రెండవ, మూడవ అంతస్తుల ఎత్తున, రైలులోనివారి చూపునకు సరిగా ఎదురుపడునవి. ఒక గోడతో లేఖ ముగియదు. ముందుగా ఒక వాక్యము. అది దాటిన పిదప మరియొకటి. లేఖను పూర్తిగా చదువవలెనన్న రానుపోను ప్రయాణము చేయక తప్పదు.

ఇక ఆ లేఖలోని విషయమేమి? చంద్రుడు, వెన్నెల, కోయిలలు అందు లేవు. నీవిక్కడ నున్నచో నేను ఇల్లు చేరినట్లేయని ఒక గోడ యనును. యాబదిరెండవ వీధిలో యాబది క్షణములైనను కలిసికొనుమని మరియొకటి వేడును. బిడ్డను చూచుకొనువారికి ఇయ్యవలసిన డబ్బును, రైలు ఛార్జీయు నీకొరకు నాయొద్ద కలవని ఇంకొకటి చెప్పును. పనికి పోవు తల్లికి బిడ్డ నెవరియొద్ద విడువవలెనన్నది దినదిన సమస్య. దానిని తీర్చెదనని మాట యిచ్చువాని ప్రేమ, నక్షత్రములను తెచ్చి యిచ్చెదననువాని ప్రేమకంటె నమ్మదగినదని ఆ రైలులోని స్త్రీలు గ్రహింపకుందురా? ఆ లేఖ ఒక పురుషుడు ఒక స్త్రీకి వ్రాసినట్లుండును. తాను పెరిగిన పేటకు చిత్రకారుడు వ్రాసినట్లును ఉండును. విడిచిపోయినవారిని మరల రమ్మని ఆ పేటయే పిలిచినట్లును ఉండును.

ఇది ఒకరికి వ్రాసిన ఉత్తరమును వేలమంది చదువుట. రేడియోలో మాటలాడు మావంటివారికి ఇందలి కష్టము కొంత తెలియును. అందరిని ఉద్దేశించి మాటలాడినచో ఎవరును వినరు. ఎదుట కానరాని శ్రోతను, వంటయింటిలో పనిచేసికొనుచు వినుచున్న ఒక్క మనిషిని మనస్సున నిలుపుకొని మాటలాడినప్పుడే ఆ మాట పదిమంది ఇండ్లలోనికి పోవును. గోడపైని ప్రకటన మనలను కొనుగోలుదారులుగా ఎంచును. మనము కొనకున్నను దానికి సిగ్గు లేదు. ప్రేమలేఖ వ్రాసినవాడు మాత్రము తిరస్కారమునకు సిద్ధపడి వ్రాయవలెను. ఇనుము, ఇటుక, తొందర తప్ప మరేమియు కానరాని త్రోవలో ఒకడు తన బలహీనతను బాహాటముగా చూపినచో, చూచువానికి తన బలహీనతను గూడ కొంత ఒప్పుకొను ధైర్యము కలుగును. ఈ కళకు గల శక్తి అదియేనని మా అభిప్రాయము.

ఇదే గుణము ఇతర నగరములలోని పనులయందును కాననగును. 2005వ సంవత్సరపు తుపానులో మిక్కిలి దెబ్బతిన్న న్యూ ఆర్లియన్స్ నగరమున 2011లో క్యాండీ చాంగ్ అను కళాకారిణి, తనకు ప్రియమైనవారొకరు మరణించిన దుఃఖములో, ఒక పాడుపడిన ఇంటిగోడకు నల్లబల్ల రంగు పూసి, చనిపోవుటకు ముందు నేను చేయదలచినది యని మొదలుపెట్టి, ఖాళీ గీతలను విడిచి, సుద్దముక్కలను అందుంచెను. మరునాటికి గోడ నిండిపోయెను. తరువాత 75కు పైగా దేశములలో ఇట్టి గోడలు వెలసినవి. ఇందు చిత్రకారిణి వ్రాసినది సగము వాక్యమే; మిగిలిన సగము దారిన పోవువారిది. సుద్దవ్రాతలు వానకు చెరుగును. చెరిగినచోట మరియొకరు వ్రాయుదురు.

ఇంగ్లండు దేశములోని బ్రిస్టల్ నగరమున 2014వ సంవత్సరపు ఏప్రిల్ మాసమున, తన అసలు పేరు వెల్లడింపని బ్యాంక్సీ అను చిత్రకారుడు ఒక మూసిన తలుపుపై నొక బొమ్మ వేసిపోయెను. స్త్రీపురుషులు కౌగిలించుకొని యుందురు. కాని ఇరువురును ఒకరి భుజముపైనుండి మరియొకరు చేతిలోని టెలిఫోను వెలుగును చూచుచుందురు. ఆ వెలుగే వారి ముఖములపై పడుచుండును. కాగితపు అట్టలో ముందుగా ఆకారమును కత్తిరించి, దానిని గోడకు ఆనించి రంగు చిమ్ముట ఇతని పద్ధతి. అందుచే పని త్వరగా ముగియును, గీత తప్పదు. ప్రక్కనున్న బాలుర క్లబ్బు ధనము లేక మూతబడు స్థితిలో నుండెను. క్లబ్బువారు ఆ పలకను ఊడదీసి లోపల పెట్టి చూచువారిని విరాళ మడిగిరి. అది ప్రజల వీధిలోని వస్తువని కొందరు ఆక్షేపింపగా, నగరపాలకులు దానిని ప్రదర్శనశాలకు తరలించిరి. తుదకు చిత్రకారుడే, అది క్లబ్బునకు చెందవలెనని ఉత్తరము వ్రాసెను. ఆ బొమ్మ 403,000 పౌనులకు అమ్ముడుపోయి క్లబ్బు నిలిచినది. బాలురకు మేలు జరిగినది. కాని వీధిలోని వారికి ఆ బొమ్మ దక్కలేదు. గోడ ఎవరిది, దానిపైని బొమ్మ ఎవరిది, చూచువారి కందులో భాగమెంత యను ప్రశ్నలకు ఈ కథ ఒక సమాధానము చెప్పును గాని అదియే తుది సమాధానమని చెప్పుటకు వీలులేదు.

ఇట్టి చిత్రముల విషయమున మరియొక ఆక్షేపణ కూడ కలదు. రంగు వేసినంతమాత్రమున కారుచున్న కప్పు బాగుపడదు, ఉద్యోగము రాదు. పైగా అందముగా కనబడిన పేటకు ధనవంతులు వచ్చి అద్దెలు పెంచినచో, ఎవరికొరకు లేఖ వ్రాసిరో వారే అచ్చట నిలువలేకపోవచ్చును. ఇది నిజముగా భయపడవలసిన విషయమే. అందుకే మేము పవర్స్ చేసిన నామఫలకముల పనిని అంతగా చెప్పితిమి. పేటవారిని అడిగి, వారి మాటను విని, వారి బ్రతుకునకు కొంత ఉపకరించి వ్రాసినది ఒక విధము. బయటివారి కన్నులకు విందుగా పైపూతగా పూసినది వేరొక విధము. రంగు రెంటను ఒకటియే కావచ్చును.

మన హైదరాబాదులో హుసేన్‌సాగరమునకు సమీపముననున్న మక్తా బస్తీలో 2016 మొదలు ఇండ్లగోడలపై ఇట్టి పెద్దచిత్రములు వెలసినవి. ఇరుకు సందులలో, ఆరవేసిన బట్టల నడుమ, మనుష్యుల ముఖములు మేడయెత్తున నిలిచి చూచుచుండును. అచ్చటి పిల్లలకు చిత్రప్రదర్శనశాలకు పోవలసిన పని లేదు. బడికి పోవుదారియే ప్రదర్శనశాల.

కావున మన వీధిలో గోడపై నొక బొమ్మయో, వ్రాతయో కనబడినప్పుడు, దానిని తిట్టుటకుగాని పొగడుటకుగాని ముందు మూడు ప్రశ్నలు వేసికొందుము. గోడ యెవరిది, వారి నడిగిరా? ఆ వీధిలో కాపురముండువారికి దానితో సంబంధమేమి? అది మనలను దేనినైన కొనుమనుచున్నదా, లేక ఒక మనిషి మరియొక మనిషితో మాటలాడుచున్నాడా? మూడవ ప్రశ్నకు రెండవ సమాధానము వచ్చినచో, ఒక నిమిషము నిలిచి చదువుటలో నష్టము లేదు. గోడలు కూలును, రంగులు వెలయును, సున్నము వేయువాడు ఏదో యొకనాడు రాకమానడు. మార్కెట్ వీధిరైలులో ఏండ్లతరబడి పోయివచ్చినవారికి ఏ స్టేషను తరువాత ఏ మాట వచ్చునో కంఠస్థమై యుండును. ఆ గోడ లేకున్నను, ఆ మలుపు రాగానే ఆ మాట వారికి గుర్తు రాకపోదు.